వెక్ట్రెక్స్: గీతలతో ఆడిన యంత్రం

వెక్ట్రెక్స్ ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ యంత్రం. 1982 చివర్లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. దీన్ని అమ్మింది జనరల్ కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ (జీసీఈ) అనే చిన్న సంస్థ. తయారు చేసి ఇచ్చింది కాలిఫోర్నియాలోని వెస్టర్న్ టెక్నాలజీస్. ఆ రోజుల్లో గేమ్ యంత్రమంటే ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకునే పెట్టె. వెక్ట్రెక్స్ మాత్రం తన తెరను తనే వెంట తెచ్చుకుంది. అది టీవీ తెర కూడా కాదు. చుక్కల వరుసలతో బొమ్మను నింపే పని పెట్టుకోకుండా, ఎలక్ట్రాన్ పుంజంతో నేరుగా గీతలు గీసే వెక్టర్ తెర అది. ఇంటి కోసం అమ్మిన గేమ్ యంత్రాల్లో ఈ పద్ధతిలో పనిచేసింది ఇదొక్కటే.

వ్యాపారపరంగా వెక్ట్రెక్స్ ఘోరంగా దెబ్బతింది. జీసీఈని కొనుక్కున్న మిల్టన్ బ్రాడ్లీ సంస్థకు కోట్ల డాలర్లు నష్టం మిగిల్చింది. 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది కాబట్టి దాంతోపాటు ఇదీ పోయిందని చెప్పడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు గానీ, మొత్తం కథ అది కాదు. ఏ తెరను చూసి జనం దీని చుట్టూ మూగారో, ధరల యుద్ధం మొదలయ్యాక దీని కాళ్లకు బంధమైంది ఆ తెరే. మిగతా సంస్థలు ధర తగ్గిస్తూ పోయినప్పుడు, ప్రతి పెట్టెలో ఒక పిక్చర్ ట్యూబు పెట్టి అమ్మేవాడికి తగ్గించడానికి మిగిలేది తక్కువ.

పాత సామాన్ల గోదాములో పుట్టిన ఆలోచన

వెస్టర్న్ టెక్నాలజీస్ అధిపతి జే స్మిత్. కార్ట్రిడ్జ్ మార్చుకుంటూ వేరువేరు ఆటలు ఆడుకోగలిగిన తొలి చేతి గేమ్ ‘మైక్రోవిజన్’ ఆయన రూపొందించిందే. కార్ట్రిడ్జ్ అంటే, తొంభైల్లో మన ఊళ్లలో పిల్లలు వీడియో గేమ్ క్యాసెట్ అన్నది. మైక్రోవిజన్‌ను 1979లో మిల్టన్ బ్రాడ్లీ అమ్మింది. ఆ సంస్థ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

1980 చివర్లో స్మిత్ దగ్గర పనిచేసే జాన్ రాస్, మైక్ పర్విస్ తదితరులు లాస్ ఏంజెలెస్‌లో మిగులు ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఒక గోదాముకు వెళ్లారు. అక్కడ ఒక అంగుళం తెర ఉన్న బుల్లి క్యాథోడ్ రే ట్యూబు కనిపించింది. దీంతో ఆట బొమ్మ ఏదైనా చేయవచ్చా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ట్యూబుతో గీతలు గీయించడం చవకగా సాధ్యమేనని నిరూపించడానికి వాళ్లు ఎంచుకున్న దారి సరదాగా ఉంటుంది. ఒక మామూలు టీవీ తీసుకుని, పుంజాన్ని అటూ ఇటూ వంచే దాని తీగచుట్టలను స్టీరియో యాంప్లిఫయర్ రెండు ఛానళ్లకు కలిపారు. యాంప్లిఫయర్‌లో పాట పెడితే, ఆ సంగీతానికి తగ్గట్టు తెర మీద గీతలు మెలికలు తిరిగాయి. టీవీలోని హైవోల్టేజీ భాగం ఆగిపోకుండా ఉండటానికి దానికి వేరే తీగచుట్ట ఒకటి తగిలించారు.

ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో సీఆర్‌ఓ (క్యాథోడ్ రే ఆసిలోస్కోప్) ముందు నిలబడ్డ వాళ్లకు ఈ దృశ్యం కొత్తది కాదు. రెండు సిగ్నళ్లను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఇచ్చి లిస్సాజూ వలయాలు చూసి రికార్డులో గీసుకున్నది ఈ సూత్రం మీదే. సీఆర్‌ఓలో పుంజాన్ని విద్యుత్ పలకలు వంచుతాయి, వెక్ట్రెక్స్‌లో టీవీలో లాగా అయస్కాంత తీగచుట్టలు వంచుతాయి. తేడా అంతవరకే.

మొదట అనుకున్నది ‘మినీ ఆర్కేడ్’ అనే చిన్న యంత్రం. బొమ్మల సంస్థ కెన్నర్ 1981లో ముందుకు వచ్చి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత జీసీఈ తీసుకుంది. చేతి గడియారాల్లో ఎల్‌సీడీ ఆటలు పెట్టి అమ్మిన సంస్థ అది. అధ్యక్షుడు ఎడ్ క్రాకౌర్ తెర పెద్దదిగా, తొమ్మిది అంగుళాలు ఉండాలన్నాడు. అలా చేతిలో పట్టుకునే బొమ్మ కాస్తా బల్ల మీద పెట్టే బరువైన పెట్టెగా మారింది. యంత్రం నడకనూ ధరనూ నిర్ణయించిన మలుపు ఇదే అనుకోవచ్చు. మొదట 6502 ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, అది వేగం చాలక మోటరోలా 6809కు మారారు. 1982 జూన్ 7న షికాగోలో జరిగిన వేసవి కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో వెక్ట్రెక్స్‌ను తొలిసారి జనం ముందు పెట్టారు.

గీత ఎలా పడుతుంది

మామూలు టీవీలో ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి వరుస తర్వాత వరుసగా తెరంతా తిరుగుతుంది. బొమ్మ ఉన్నా లేకపోయినా ఆ తిరుగుడు ఆగదు. వెక్టర్ తెరలో పుంజానికి అలాంటి నిర్ణీత దారి లేదు. వాకిట్లో ముగ్గు వేసే మనిషి చెయ్యి వాకిలంతా తడమదు, గీత కావలసిన చోటికే వెళ్తుంది, పిండి వదులుతుంది, వేళ్లు బిగించి ఇంకో చోటికి జరుగుతుంది. వెక్ట్రెక్స్ పుంజం చేసేది అదే. తేడా ఏమిటంటే ఈ ముగ్గు వేసీ వేయగానే మాయమవుతుంది కాబట్టి సెకనుకు 50 సార్లు మొత్తం మళ్లీ వేయాలి.

దీనివల్ల మొదటి లాభం జ్ఞాపకశక్తి ఆదా. అడ్డం 256, నిలువు 256 చుక్కలున్న నలుపు తెలుపు బొమ్మను చుక్క చుక్కగా దాచుకోవాలంటే 8 కిలోబైట్ల మెమరీ కావాలి. 1982లో అది ఖరీదైన సంగతి. వెక్ట్రెక్స్‌లో ఉన్న ర్యామ్ మొత్తం ఒక కిలోబైటు. అయినా దాని గీతలు ఆనాటి టీవీ గేమ్‌ల మెట్లు మెట్ల అంచుల కంటే ఎంతో నున్నగా, పదునుగా కనిపించేవి. బొమ్మను దాచుకోనక్కర్లేదు, ఏ గీత ఎటు ఎంత పోవాలో చెప్పే పట్టిక ఉంటే చాలు.

ఆ పట్టిక గీతగా మారే తీరు ఈ యంత్రంలో అన్నిటికంటే ముచ్చటైన భాగం. ప్రాసెసర్ ఒక అంకెను డిజిటల్–అనలాగ్ కన్వర్టర్‌కు ఇస్తుంది, అది వోల్టేజీగా మారుతుంది. ఆ వోల్టేజీ ఒక కెపాసిటర్‌ను నింపుకుంటూ పోతుంది, దాని నింపుదల ఎంత ఉంటే పుంజం అంత దూరం జరుగుతుంది. అంటే ప్రాసెసర్ చెప్పేది ‘ఇక్కడికి వెళ్లు’ అని కాదు, ‘ఇంత వేగంతో ఇటు పో’ అని. ఎంతసేపు పోవాలో చెప్పేది 6522 చిప్‌లోని టైమర్. వేగం, కాలం రెండూ కలిస్తే దూరం. అంతే లెక్క.

అందులో ఒక అందమైన సౌకర్యం దాగి ఉంది. గీతల పట్టికను ముట్టుకోకుండా టైమర్ కాలాన్ని పెంచితే బొమ్మ మొత్తం పెద్దదవుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది. దూరంగా చుక్కంత ఉన్న అంతరిక్ష నౌక మీదికి దూసుకొస్తూ పెరగడం మిగతా యంత్రాలకు తలకు మించిన పని. వెక్ట్రెక్స్‌కు అది ఒక అంకె మార్చడం. కారు పందెం ఆటలూ సొరంగాల్లో ఎగిరే ఆటలూ దీని మీద అంత నిక్కచ్చిగా నడవడానికి కారణం ఇదే.

ఇబ్బందులూ ఇక్కడి నుంచే వచ్చాయి. కెపాసిటర్‌లో నిలిచిన వోల్టేజీ గణితంలోని అంకెలా స్థిరంగా ఉండదు, మెల్లగా జారుతుంది. నాలుగైదు గీతలు వరుసగా గీస్తే చివరి గీత అనుకున్న చోట కాక కాస్త పక్కన పడుతుంది. అందుకే ప్రోగ్రామర్లు మధ్య మధ్యలో పుంజాన్ని తెర నడిబొడ్డుకు లాగి, వోల్టేజీ సున్నా చేసి, మళ్లీ బయలుదేరదీస్తారు. పుంజం ఒకేచోట కదలకుండా నిలబడితే తెర మీది ఫాస్ఫర్ పూత మాడుతుంది, ఆ జాగ్రత్త వేరు. ప్రాసెసర్ వేగం సెకనుకు 15 లక్షల స్పందనలు. సెకనుకు 50 సార్లు గీయాలి కాబట్టి ఒక్కో చిత్రానికి చేతిలో ఉండేది 30 వేల స్పందనలు. ఆట నియమాలు, శత్రువుల కదలిక, శబ్దం, గీతలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. గీతలు ఎక్కువై గడువు దాటితే తెర మిణుకుమిణుకుమంటుంది.

గీతల యంత్రంలో అక్షరాలు మాత్రం గీతలతో ఉండవు. స్కోరు, ఆట పేరు లాంటివి దగ్గర్నుంచి చూస్తే అడ్డ వరుసల్లో పొడి పొడి చుక్కలుగా కనిపిస్తాయి. ఒక్కో అక్షరాన్ని నాలుగైదు గీతలుగా గీయడం కంటే, పుంజాన్ని అడ్డంగా పరిగెత్తిస్తూ షిఫ్ట్ రిజిస్టర్‌తో దాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ పోతే వాక్యం మొత్తం తొందరగా తేలిపోతుంది. అంటే టీవీ పద్ధతిని దొడ్డిదారిన వాడుకున్నారన్నమాట.

పెట్టె, ప్లాస్టిక్ షీట్లు

తెర నిలువుగా ఉంటుంది. కింద ముందు భాగంలో కంట్రోలర్ అమరిపోతుంది, ఆడేటప్పుడు ఊడదీసుకోవచ్చు. దానికి మెలికల తీగ, ఎడమ వైపు చిన్న జాయ్‌స్టిక్, కుడి వైపు వరుసగా నాలుగు బటన్లు. వదిలితే నడిమికి వచ్చి నిలిచే ఈ జాయ్‌స్టిక్ అనలాగ్ రకం, ఎంత వంచితే అంత కదలిక. అప్పటి యంత్రాల్లో చాలావాటికి ఎటు అన్నదే తెలిసేది, ఎంత అన్నది తెలిసేది కాదు. స్టిక్ ఎంత వంగిందో కనుక్కోవడానికి వెక్ట్రెక్స్ పుంజాన్ని నడిపే కన్వర్టర్‌నే వాడుకుంది. ఒక వోల్టేజీ ఊహించడం, స్టిక్ వోల్టేజీతో పోల్చడం, ఎక్కువైతే తగ్గించి తక్కువైతే పెంచి దగ్గరికి రావడం. ఉన్న ఒక్క భాగంతో మూడు పనులు చేయించుకునే పొదుపు లోపలంతా కనిపిస్తుంది.

రంగు లేదు. నల్లటి తెర మీద తెల్లని వెలుగు గీతలు. ఈ లోటు పూడ్చడానికి ప్రతి ఆటతో పాటు రంగులు అచ్చేసిన పారదర్శక ప్లాస్టిక్ షీటు ఒకటి ఇచ్చేవారు. దాన్ని తెర ముందు బిగిస్తే గీతలు ఆ భాగపు రంగు పులుముకుంటాయి. గది వెలుతురు తెర మీద పడి మెరవడం, మిణుకు కూడా కొంత తగ్గేవి. అంచుల మీద బటన్లు ఏవి ఏం చేస్తాయో రాసి ఉండేది. పాత వస్తువులు సేకరించేవాళ్లు ఈ రోజుకీ ముందుగా వెతికేది వీటినే, ఎందుకంటే కార్ట్రిడ్జ్ మిగిలినంత తేలిగ్గా పలచటి షీటు మిగలదు.

తొలి విడతల్లో ఒక లోపం ఉండేది. స్పీకరుకు, ట్యూబు నడిపే భాగాలకు మధ్య తగిన అడ్డుకట్ట లేకపోవడంతో స్పీకరులో ఎప్పుడూ ఒక గుర్రుమనే మోత. తెర మీద గీతలు మారినప్పుడల్లా ఆ మోత శ్రుతి కూడా మారేది. మంచి ఏవై-3-8912 శబ్ద చిప్ పెట్టి దాని వెనక ఈ గురక వినిపించడం తయారీదారుకు తలవంపే. అలవాటు పడ్డ అభిమానులు మాత్రం, అది లేకపోతే వెక్ట్రెక్స్‌లా అనిపించదంటారు.

1984లో వచ్చిన త్రీడీ ఇమేజర్ గురించి కాస్త చెప్పుకోవాలి. తలకు తగిలించుకునే కళ్లజోడు, దాని లోపల మోటారుతో గిరగిరా తిరిగే చక్రం. చక్రంలో సగం నలుపు, మిగతా సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు. చక్రం తిరిగేకొద్దీ ఒక కన్ను మూసుకుపోతుంది, రెండో కంటి ముందు రంగులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ క్షణానికి ఏ కంటి ముందు ఏ రంగు ఉందో లెక్క చూసుకుని యంత్రం ఆ కంటికి కావలసిన గీతలను గీస్తుంది. దాంతో నలుపు తెలుపు తెర నుంచి లోతూ వచ్చింది, నిజమైన రంగులూ వచ్చాయి. సెగా సంస్థ తన మాస్టర్ సిస్టమ్ గేమ్ యంత్రానికి త్రీడీ కళ్లజోడు తెచ్చింది దీని తర్వాత మూడేళ్లకు, 1987లో. ఇమేజర్ కోసం వచ్చిన ఆటలు మూడే. అప్పటికి కొనేవాళ్లూ లేరు, అమ్మేవాళ్లకు ఓపికా లేదు. తెర మీద నేరుగా గీయడానికి లైట్ పెన్ కూడా ఉండేది, దానితో బొమ్మలు వేయడానికి, రాగాలు కూర్చడానికి, బొమ్మలను కదిలించడానికి కార్ట్రిడ్జ్‌లు వచ్చాయి.

ఆటలు

కార్ట్రిడ్జ్ ఏదీ పెట్టకుండా స్విచ్ వేస్తే ‘మైన్ స్టార్మ్’ మొదలవుతుంది. దీన్ని రాసింది జాన్ హాల్. యంత్రంలో ఉన్న 8 కిలోబైట్ల రోమ్‌లో సగం వ్యవస్థ ప్రోగ్రాముకు, సగం ఈ ఆటకు. అటారీ వాళ్ల ‘ఆస్టరాయిడ్స్’ ఛాయలు స్పష్టంగా ఉంటాయి. రాళ్ల బదులు మందుపాతరలు, కొట్టినకొద్దీ అవి చిన్నవిగా విడిపోవడం. ఉచితంగా వచ్చే ఆట అయినా వెక్ట్రెక్స్ ఆటల్లో మేలైనవాటిలో ఒకటి. కొన్ని యంత్రాల్లో 13వ దశకు చేరగానే ఇది నిలిచిపోయేది. అంత దూరం ఆడినవాళ్లలో కొందరు సంస్థకు ఉత్తరాలు రాశారు. వాళ్లకు తప్పు సరిదిద్దిన ‘మైన్ స్టార్మ్ 2’ కార్ట్రిడ్జ్‌ను పోస్టులో పంపారు. దుకాణాల్లో అమ్మలేదు కాబట్టి ఇప్పుడది అపురూపమైన వస్తువు.

మొత్తం ఆటలు ముప్పైకి అటూ ఇటూ. వాటిలో ముఖ్యమైన వరుస సినిమాట్రానిక్స్ సంస్థవి, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆటలది. 1977లో ‘స్పేస్ వార్స్’తో ఆర్కేడ్‌లలోకి వెక్టర్ తెరను తెచ్చింది ఆ సంస్థే. ‘రిప్ ఆఫ్’, ‘స్టార్ క్యాసిల్’, ‘ఆర్మర్ అటాక్’ దాదాపు చెక్కుచెదరకుండా ఇంటికి వచ్చాయి. వేరే యంత్రాలకు ఆర్కేడ్ ఆటలను మార్చినప్పుడు పోలిక మాత్రమే మిగిలేది. ఇక్కడ తెర స్వభావం ఒకటే కాబట్టి ఆటకు ఆట దిగింది. ఎదురు దిశలో కూడా ఒక ప్రయాణం జరిగింది. వెక్ట్రెక్స్ కోసం పుట్టిన ‘కాస్మిక్ చాజమ్’ను 1983లో సినిమాట్రానిక్స్ ఆర్కేడ్ యంత్రంగా తెచ్చింది. ఇంటి ఆట ఆర్కేడ్‌కు ఎక్కిన తొలి ఉదాహరణల్లో అదొకటి.

వెక్టర్ స్వభావానికి సరిపడని ఆటలను తెచ్చినప్పుడు మాత్రం తేలిపోయింది. ‘ప్యాక్‌మ్యాన్’ లాంటిది తమకూ కావాలన్న తొందరలో వచ్చిన ‘క్లీన్ స్వీప్’లో బ్యాంకులో చెల్లాచెదురైన డబ్బును వాక్యూమ్ క్లీనర్‌తో ఏరాలి. గీతలతో చిట్టడవి గీయవచ్చు గానీ, నిండు పసుపు రంగు గుండ్రని బొమ్మలోని ముద్దుతనం గీతల్లో ఎక్కడిది? వెక్టర్ తెర చేయలేని పని లోపల నింపడం. ‘స్పైక్’ అనే ఆటలో యంత్రం రెండు మూడు మాటలు పలుకుతుంది, అప్పటికి అది వింతే. నాకు వీటన్నిటిలో నిలిచేదిగా కనిపించేది ‘వెబ్ వార్స్’. తెర లోతుల్లోకి వలలా సాగే దారి, అందులోంచి మీదికి పెరుగుతూ వచ్చే జీవులు. టైమర్ అంకె మార్చి బొమ్మను పెంచే సౌకర్యాన్ని ఆటగా మలచడమంటే ఇలా ఉండాలి.

మార్కెట్

1982 నవంబరు ప్రాంతంలో వెక్ట్రెక్స్ 199 డాలర్లకు దుకాణాల్లోకి వచ్చింది. పండగ సీజన్‌లో అమ్మకాలు బాగానే సాగాయి. ఆ ఊపు చూసి 1983 తొలి నెలల్లో మిల్టన్ బ్రాడ్లీ జీసీఈని కొనేసింది. మైక్రోవిజన్ తర్వాత జే స్మిత్ రెండో యంత్రం కూడా అలా ఆ గూటికే చేరింది. పెద్ద సంస్థ చేతిలో పడ్డాక యూరప్‌లోకి వెళ్లింది. జపాన్‌లో బండాయ్ సంస్థ ‘కోసోకుసెన్’ పేరుతో అమ్మింది.

కొన్న సమయమే చెడ్డది. 1982 డిసెంబరులోనే అటారీ అమ్మకాలు అనుకున్నంతగా పెరగవని దాని యజమాని వార్నర్ సంస్థ ప్రకటించడం, షేరు ధర ఒక్కసారిగా పడిపోవడం జరిగాయి. మార్కెట్ నిండా ఆటలు, అందులో చాలా భాగం నాసిరకం. అమ్ముడుపోని సరుకును దుకాణదారులు అడ్డగోలు తగ్గింపులకు పెట్టారు. మరోవైపు 1982లో 595 డాలర్లకు వచ్చిన కమోడోర్ 64 కంప్యూటరు 1983 మధ్యకల్లా 200 డాలర్ల చుట్టుపక్కలకు దిగింది. ఆటలతో పాటు పిల్లల చదువు కూడా అని చెప్పి అమ్మే కంప్యూటరు అదే ధరకు దొరుకుతుంటే, ఆట తప్ప ఇంకేమీ తెలియని యంత్రం కొనమని తల్లిదండ్రులను ఒప్పించడం కష్టం. అమెరికాలో ఇంటి వీడియో గేమ్ వ్యాపారం 1983లో సుమారు 320 కోట్ల డాలర్లని, 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని సాధారణంగా చెబుతారు.

ఈ గాలివానలో అందరూ తడిశారు. కానీ వెక్ట్రెక్స్ పరిస్థితి వేరు. 1982 ఆగస్టులో వచ్చిన కొలెకోవిజన్ 175 డాలర్లకు రంగుల ‘డాంకీ కాంగ్’ను కలిపి ఇచ్చింది. తెర ఖర్చు కొనేవాడిది, వాడి ఇంట్లో టీవీ ఎలాగూ ఉంది. చిప్‌ల ధరలు ఏటేటా పడిపోతుంటాయి కాబట్టి అలాంటి యంత్రాల తయారీ ఖర్చూ పడిపోతుంది. గాజు ట్యూబు, తీగచుట్టలు, హైవోల్టేజీ భాగాలు, ఇంత పెద్ద పెట్టె, దాన్ని పగలకుండా దేశం దాటించే రవాణా, ఇవేవీ చిప్‌లలా చవక కావు. వెక్ట్రెక్స్ ధర 150 డాలర్లకు, ఆ తర్వాత 100 డాలర్ల దాకా దిగింది. ఆ ధరకు అమ్మిన పెట్టెలో లాభం వెతుక్కోవడం వృథా.

జపాన్ అంకెలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. అక్కడ బండాయ్ పెట్టిన ధర 54,800 యెన్‌లు. 1983 జులైలో నింటెండో ఫ్యామికామ్ వచ్చింది 14,800 యెన్‌లకు. దాదాపు నాలుగో వంతు ధరకు, రంగులతో.

ధర ఒక్కటే కాదు, అభిరుచి కూడా కదిలిపోతోంది. 1979–81 మధ్య ‘ఆస్టరాయిడ్స్’, ‘బ్యాటిల్‌జోన్’, ‘టెంపెస్ట్’ ఆర్కేడ్‌లను ఏలాయి. వెక్ట్రెక్స్ ఊహ పుట్టింది ఆ వైభవంలో. అది దుకాణాలకు చేరే వేళకు పిల్లలు అడుగుతున్నవి రంగురంగుల బొమ్మలున్న ‘ప్యాక్‌మ్యాన్’, ‘డాంకీ కాంగ్’. మెమరీ చవకయ్యేకొద్దీ చుక్కల బొమ్మలు మెరుగుపడ్డాయి. మెమరీ ఆదా చేయడమే గొప్పగా ఉన్న పద్ధతికి ఆ చవకదనమే గండమైంది. 1983లో అటారీ ‘స్టార్ వార్స్’ వచ్చాక వెక్టర్ ఆర్కేడ్‌లలో చెప్పుకోదగ్గవి అరుదు. అంటే మార్కెట్ కూలకపోయినా వెక్ట్రెక్స్‌కు మరో రెండు మూడేళ్లకు మించి ఆయుష్షు ఉండేది కాదనే అనిపిస్తుంది. రంగు తెరతో తర్వాతి యంత్రం తేవాలన్న ఆలోచన ఉండేది, అది ముందుకు సాగలేదు. 1984లో మిల్టన్ బ్రాడ్లీ హాస్‌బ్రోలో కలిసిపోయింది. వెక్ట్రెక్స్ ఆగిపోయింది.

ఆగిపోయాక

హక్కులు తిరిగి జే స్మిత్ వైపు వచ్చాయి. 1988లో దీన్ని చేతిలో పట్టే యంత్రంగా మళ్లీ తేవాలన్న ప్రయత్నం జరిగింది గానీ, నింటెండో గేమ్ బాయ్ రాబోతోందని తేలడంతో విరమించుకున్నారు. తొంభైల మధ్యలో స్మిత్ తీసుకున్న నిర్ణయం మాత్రం ఈ యంత్రం తలరాత మార్చింది. లాభం కోసం కానంతవరకు వెక్ట్రెక్స్ ఆటలనూ యంత్రంలోని ప్రోగ్రామునూ ఎవరైనా నకలు చేసుకోవచ్చని ఆయన అనుమతించాడు. పాత ఆటల మీద హక్కులను గుప్పిట్లో బిగించుకుని, అమ్మకుండా ఇవ్వకుండా కూర్చునే సంస్థలే ఎక్కువ ఉన్న రంగంలో ఇది అరుదైన ఔదార్యం. అప్పుడప్పుడే ఇంటర్నెట్‌లో ఒకచోట చేరుతున్న అభిమానులకు ఏ భయమూ లేకుండా పనిచేసే వీలు దొరికింది. 1996లో జాన్ డొండ్జిలా ‘వెక్టర్ వేడర్స్’ అనే కొత్త ఆట రాసి కార్ట్రిడ్జ్‌గా అమ్మాడు. ఆ తర్వాత చాలామంది వచ్చారు. మొదటి రెండేళ్లలో సంస్థలు విడుదల చేసిన ఆటల కంటే ఎక్కువ ఆటలు ఆ తర్వాత అభిమానుల చేతుల మీదుగా పుట్టాయి.

కంప్యూటరు మీద ఆడుకోవడానికి ఎమ్యులేటర్లున్నాయి, 2012లో ఐఫోన్, ఐప్యాడ్‌ల కోసం ‘వెక్ట్రెక్స్ రీజనరేషన్’ వచ్చింది. ఆట నియమాలు, శబ్దాలు వాటిలో సరిగ్గానే ఉంటాయి. గీత ఉండదు. ఎల్‌సీడీ తెర గీతను చుక్కలతో అనుకరిస్తుంది, పుంజం మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు ఆ మూల మరింత ప్రకాశించడం, చీకటి గదిలో తుపాకీ గుండు చిన్న నిప్పురవ్వలా వెలగడం అక్కడ కనిపించవు. అందుకే సేకరించేవాళ్లు పాత పెట్టెలనే బాగుచేసి వాడుకుంటున్నారు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చవచ్చు, తీగలు అతకవచ్చు. లోపల ఉన్నది సామ్‌సంగ్ నలుపు తెలుపు ట్యూబు. అది పోతే కొత్తది కొనడానికి ఇప్పుడు అంగడి లేదు.

ఇటీవలి ప్రయోగాల్లో ‘పైట్రెక్స్’ అనేది ఒకటి. కార్ట్రిడ్జ్ పెట్టే చోట రాస్ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటరును తగిలించి, పాత 6809ను పక్కకు జరిపి, ట్యూబును నేరుగా దానితో నడిపిస్తారు. 1982 నాటి ప్రాసెసర్‌తో పోలిస్తే దాని లెక్కల వేగానికి హద్దే లేదు. ఆట లోపలి గణితం ఎంత క్లిష్టమైనా క్షణంలో తేలిపోతుంది. కానీ గీత గీసే కెపాసిటర్లు పాతవే. అవి నిండటానికి పట్టే కాలం అలాగే ఉంది కాబట్టి, మిణుకు లేకుండా ఒక చిత్రంలో పట్టే గీతల సంఖ్య ప్రాసెసర్ వేగంతో పాటు పెరగలేదు.